గంటకు ఇన్ని బ్లాకులు అన్న కోటా సరైనదేనా? సెక్షన్ల నాణ్యత, సిబ్బంది లెక్క గురించి సలహా కావాలి

ప్రశ్న: హిస్టాలజీ పర్యవేక్షకురాలు

సహోద్యోగులందరికీ నమస్కారం. నేను ఒక హిస్టాలజీ (కణజాల పరీక్ష) ప్రయోగశాలలో టెక్నీషియన్ల పనిని పర్యవేక్షిస్తున్నాను. మాకు రోజుకు సుమారు 180 బ్లాకులు (మైనంలో పొదిగిన కణజాలపు ముక్కలు) వస్తాయి. వాటిలో 60 వరకు చిన్న బయాప్సీలు. వాటిలో ఒక్కొక్కదానికి మూడు లెవెల్స్, అంటే మూడు వేర్వేరు లోతుల నుంచి సెక్షన్లు (పలుచని పొరలు) తీయాలి. మిగిలినవన్నీ శస్త్రచికిత్సలో తీసిన పెద్ద నమూనాలు. ఎంబెడింగ్ (కణజాలాన్ని మైనంలో పొదగడం) మొదలుకొని కవర్‌స్లిప్ (పైగాజు) వేసి పాథాలజిస్టుల బల్ల మీద స్లైడ్లు పెట్టేవరకు ముగ్గురు టెక్నీషియన్లే చూసుకుంటారు. కణజాలంలోని నీటిని తీసి మైనాన్ని ఎక్కించే ప్రాసెసర్‌ను సాయంత్రం ఒకే షెడ్యూలు మీద పన్నెండు గంటల పాటు నడిచేలా పెడతాము. అది ఉదయం ఐదు గంటలకు ముగుస్తుంది. సిబ్బంది ఎనిమిదింటికి వస్తారు.

కొన్ని నెలలుగా రెండు రకాల ఇబ్బందులు పెరిగాయి. చిన్న బయాప్సీల సెక్షన్లలో కిటికీ పరదా పలకల్లాగా అడ్డంగా సన్నని గీతలు పడుతున్నాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ము కణజాలమైతే అసలు రిబ్బన్‌లో (వరుసగా అతుక్కుని వచ్చే సెక్షన్ల పట్టీలో) నిలవకుండా మధ్యలో ఊడిపోతోంది. రీకట్ల (బ్లాకును మళ్లీ కోయడం) కోసం పాథాలజిస్టులు అడగడం ఎక్కువైంది, స్లైడ్లు ఆలస్యమవుతున్నాయి. ఇదంతా టెక్నీషియన్ల నిదానం వల్లనే జరుగుతున్నదని యాజమాన్యం భావించి, ఒక్కొక్కరు గంటకు 25 బ్లాకులు కోయాలని కోటా పెట్టబోతోంది. ఇంకొక మనిషిని ఇవ్వమని నేను అడిగితే, ఎందుకు కావాలో లెక్క చూపమన్నారు. ఆ లెక్క ఎలా వేయాలో, దానికంటే ముందు సెక్షన్ల లోపాన్ని ఎక్కడ వెతకాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను. మా టెక్నీషియన్లు శ్రద్ధగలవారు. మధ్యాహ్నానికి వారిలో ఒకరి మణికట్టు వాచిపోతున్నది. వారి మీద నింద పడకూడదన్నదే నా ఆరాటం.

సమాధానం 1: సీనియర్ హిస్టోటెక్నాలజిస్ట్

మేడమ్ గారూ, మీరు రాసిన రెండు లోపాలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. నాకు ముందుగా తోచినది కూడా అదే. చిన్న బయాప్సీ ఎండిపోయి పెళుసుగా మారితే అడ్డగీతలు వస్తాయి, పెద్ద కొవ్వు ముక్క లోపల మైనం చేరకపోతే ఊడిపోతుంది. మొదటిది అతిగా ప్రాసెస్ కావడం, రెండోది చాలినంత ప్రాసెస్ కాకపోవడం. ఒకే రాత్రి, ఒకే షెడ్యూలులో ఈ రెండూ జరుగుతున్నాయంటే తప్పు మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) దగ్గర కూర్చున్నవారి చేతుల్లో లేదని నేను నమ్మకంగా చెప్పగలను.

అయినా నమ్మకం మీద ఆగిపోకుండా నిర్ధారించుకోండి. గీతలు రిబ్బన్ పొడవునా, ప్రతి సెక్షన్‌లోనూ సరిగ్గా అదే చోట నిలువుగా ఉంటే అది బ్లేడ్ అంచు దెబ్బతినడం వల్ల గానీ, కణజాలంలో ఉన్న కాల్షియం, కుట్టు దారం వంటి గట్టి పదార్థం వల్ల గానీ వస్తుంది. బ్లేడ్‌ను పక్కకు జరిపితే గీత మాయమైతే లోపం బ్లేడ్‌దే. గీతలు బ్లేడ్ అంచుకు సమాంతరంగా, మందం పలచన ఒకదాని తరువాత ఒకటిగా వస్తుంటే అది కంపనం. బ్లేడ్ బిగింపు, బ్లాక్ బిగింపు, కోణం సరిచూడండి. అన్నీ బాగున్నాయనుకున్నాక అదే బ్లాకును ఇంకొక మైక్రోటోమ్ మీద ఇంకొకరి చేత కోయించండి. అక్కడా అవే గీతలు వస్తే యంత్రాన్ని, మనిషిని పక్కన పెట్టి కణజాలాన్నే అనుమానించాలి. మీ బయాప్సీల విషయంలో అలాగే తేలుతుందని నా అంచనా. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కను పన్నెండు గంటల షెడ్యూలులో పెడితే ఆల్కహాల్ దాని తేమనంతా పీల్చేస్తుంది, ఆపైన జైలీన్, వేడి మైనం కలిసి దానిని మరింత గట్టిపరుస్తాయి.

బయాప్సీలకు విడిగా ఒక చిన్న షెడ్యూలు పెట్టండి. ప్రాసెసర్ ఒక్కటే ఉంటే పగటిపూట బయాప్సీలను, రాత్రిపూట పెద్ద నమూనాలను నడపవచ్చు. ఇప్పటికే గట్టిపడిన బ్లాకులకు మాత్రం ట్రిమ్ చేసి (పై మైనం కోసి) కణజాలపు ముఖం తెరుచుకున్నాక కరుగుతున్న మంచు మీద ముఖం ఆనేలా పెట్టండి. ఆ నీరు కొద్దిగా లోపలికి ఇంకి కణజాలాన్ని మెత్తబరుస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, అక్కడ తేమ దొరకదు సరికదా మైనం పగుళ్లు పడుతుంది. అలాగని మంచు మీద మరీ ఎక్కువసేపు వదిలేసినా కణజాలం ఉబ్బి, తీసిన మొదటి సెక్షన్లు పాడవుతాయి.

కొవ్వు ముక్కల సంగతి గ్రాసింగ్ బల్ల (నమూనాను ముక్కలు చేసి క్యాసెట్లనే చిన్న పెట్టెల్లో పెట్టే చోటు) దగ్గర తేలుతుంది. ముక్క మందం మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించకూడదు. క్యాసెట్ మూత బలవంతంగా నొక్కితే తప్ప పడటం లేదంటే ఆ ముక్క చుట్టూ ద్రవం తిరగడానికి చోటు లేదన్నమాట. నమూనాకు కనీసం పదిరెట్ల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ ఉందా, అందులో అది ఎంతసేపు ఉంది అన్నవి చూడండి. రొమ్ము క్యాన్సర్ నమూనాలకు హార్మోన్ గ్రాహకాల పరీక్ష చేయవలసి ఉంటుంది కనుక 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా ఫార్మలిన్‌లో స్థిరపరచడం) జరగాలన్న నియమం ఎలాగూ ఉన్నది. ఫిక్స్ కాని కణజాలం ఆల్కహాల్‌లోకి వెళితే దాని లోపలి భాగాన్ని ఫార్మలిన్‌కు బదులు ఆల్కహాలే ఫిక్స్ చేస్తుంది. ఆ తరువాత ఎంత నేర్పరి కోసినా ఆ మధ్యభాగం సరిగా రాదు.

సమాధానం 2: ప్రయోగశాల నిర్వాహకుడు

పై సమాధానంతో ఏకీభవిస్తూ సిబ్బంది లెక్క గురించి రాస్తాను, ఎందుకంటే సెక్షన్ల లోపం, సిబ్బంది కొరత రెండూ ఒకే సమస్య. సరిగా ప్రాసెస్ అయిన బ్లాకుకు రెండు నిమిషాలు పడితే, పెళుసుబారిన బ్లాకుకు మంచు మీద మళ్లీ పెట్టడం, బ్లేడ్ జరపడం, చెడిన రిబ్బన్లు పారవేయడం కలిసి అంతకు మూడింతలు పడుతుంది.

మీ సంఖ్యలతోనే ఒక నమూనా లెక్క వేస్తాను. నిమిషాలు నేను ఊహించినవి, మీరు గడియారం పెట్టి వారం రోజులు కొలిచి వీటి స్థానంలో మీ కొలతలు వేసుకోండి. ఎంబెడింగ్‌కు బ్లాకుకు ఒకటిన్నర నిమిషం చొప్పున 180 బ్లాకులకు 270 నిమిషాలు. మూడు లెవెల్స్ తీయవలసిన 60 బయాప్సీలకు అయిదేసి నిమిషాల చొప్పున 300 నిమిషాలు. మిగిలిన 120 బ్లాకులకు రెండున్నర నిమిషాల చొప్పున మరో 300 నిమిషాలు. మొత్తం 870 నిమిషాలు, అంటే పద్నాలుగున్నర గంటలు. ముగ్గురు ఎనిమిదేసి గంటలు ఉంటే ఇరవై నాలుగు గంటలు ఉన్నాయి కదా అని యాజమాన్యం అంటుంది. కానీ విరామాలు, ద్రావణాలు మార్చడం, యంత్రాలు శుభ్రం చేయడం, ఉష్ణోగ్రతల నమోదు వంటివన్నీ తీసివేస్తే ఒక మనిషికి బల్ల దగ్గర నికరంగా ఆరు గంటలు మిగిలితే గొప్ప. అప్పుడు ముగ్గురికి పద్దెనిమిది గంటలు. స్టెయినింగ్ (రంగు వేయడం), కవర్‌స్లిప్, స్లైడ్లు సరిచూసి కేసులవారీగా సర్దడం, రీకట్లు, ప్రత్యేక స్టెయిన్లు అన్నీ మిగిలిన మూడున్నర గంటల్లోనే జరగాలి. ఇక ఒకరు సెలవు పెట్టిన రోజున చేతిలో ఉండేవి పన్నెండు గంటలే, కోతకు ఎంబెడింగ్‌కు మాత్రమే పద్నాలుగున్నర కావాలి. ఆ రోజుల్లో స్లైడ్లు ఆలస్యం కాకపోతేనే ఆశ్చర్యపడాలి. ముగ్గురు ప్రతిరోజూ హాజరుగా ఉండాలంటే ముగ్గురిని మాత్రమే నియమిస్తే చాలదన్న మాటను ఈ ఒక్క పోలికతో చూపించండి.

గంటకు 25 అన్న కోటా బ్లాకుకు 2.4 నిమిషాలు ఇస్తుంది. పెద్ద బ్లాకులకు అది దాదాపు సరిపోతుంది, మూడు లెవెల్స్ బయాప్సీకి ఏ విధంగానూ సరిపోదు. కోటా పెడితే సులువైన బ్లాకులు ముందు ఎంచుకోవడం, చల్లబరచడం తగ్గించడం, లెవెల్స్ మధ్య వదలవలసిన మందాన్ని వదలకపోవడం మొదలవుతాయి. ఇవి చెడ్డ మనుషులు చేసే పనులు కావు, ఆ కొలబద్ద కింద ఎవరైనా చేసేవి. బ్లాకు రకాన్ని బట్టి బరువు ఇవ్వని ఏ కోటానైనా నేను వ్యతిరేకిస్తాను.

ఇంకొక సంగతి. ప్రాసెసర్ ఐదింటికి ఆగితే మనుషులు ఎనిమిదింటికి వస్తున్నారు. ఆ మూడు గంటలూ క్యాసెట్లు మైనంలోనే వేచి ఉంటున్నాయి. ఆపైన అందరూ కలిసి ఎంబెడింగ్ ముగించాక గానీ కోత మొదలు కాదనుకుంటాను. ప్రాసెసర్ ముగిసే సమయాన్ని ఎనిమిదింటికి దగ్గరగా జరపండి, లేదా ఒకరు ముందుగా వచ్చి ఎంబెడింగ్ మొదలుపెట్టి, తయారైన బ్లాకులను ఇరవైల చొప్పున వెనువెంటనే కోతకు పంపేలా వేళలు మార్చండి. కొత్త మనిషి రాకముందే దీనివల్ల మొదటి స్లైడ్లు చాలా ముందుగా బయటకు వస్తాయి.

సమాధానం 3: పాథాలజిస్ట్

స్లైడ్ అందుకునే వైపు నుంచి కొంత చెప్పాలి. రీకట్ అంటే మరో పది నిమిషాల పని మాత్రమే అని కొందరు అనుకుంటారు. చిన్న బయాప్సీలో రీకట్ కోసం బ్లాకును మళ్లీ బిగించి ముఖం సరిచేసేసరికి కొంత కణజాలం వృథాగా పోతుంది. అనుమానాస్పద గ్రంథి ఒక్కటే ఉన్న చోట అది పోయిందంటే రోగి మళ్లీ సూదికి సిద్ధపడాలి. అందుకే మొదటి కోతలోనే లెవెల్స్ మధ్య కొన్ని స్టెయిన్ చేయని సెక్షన్లు దాచి ఉంచమని మా టెక్నీషియన్లను అడుగుతాను. దానికి సమయం పడుతుంది, ఆ సమయాన్ని పై లెక్కలో కలపండి.

తొందరలో మొదట బలయ్యేది వాటర్ బాత్ (సెక్షన్లను తేలించే గోరువెచ్చని నీటి తొట్టి) శుభ్రత. ఒక బ్లాకు తరువాత నీటి ఉపరితలాన్ని తుడవకపోతే ఒక రోగి కణజాలపు తునక మరొక రోగి స్లైడ్ మీద చేరుతుంది. మామూలు పేగు బయాప్సీ పక్కన ఎక్కడినుంచో వచ్చిన క్యాన్సర్ తునక కనిపించిన రోజున అది ఎవరిదో తేల్చడానికి నాకు ఎంత ఆందోళన కలిగిందో మాటల్లో చెప్పలేను. అదేవిధంగా స్లైడ్లన్నిటి మీద ముందే పేర్లు రాసి పేర్చుకోవద్దని, బ్లాకు చేతిలోకి తీసుకున్నప్పుడే దాని స్లైడ్‌ను ముద్రించుకోవాలని పట్టుబట్టండి. మందం మూడు నాలుగు మైక్రాన్లు దాటితే కేంద్రకాలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తాయి, శోషరస గ్రంథి నమూనాలోనైతే చదవడమే కష్టం. రీకట్ అడిగిన ప్రతిసారీ కారణాన్ని ఒక్క మాటలో రాయమని మీ పాథాలజిస్టులను కోరండి: గీతలు, మడతలు, మందం, అసంపూర్ణ ముఖం, కణజాలం ఊడడం. నెల తిరిగేసరికి లోపం ఎక్కడుందో ఆ కాగితమే చెబుతుంది, నింద ఎవరి మీదా వేయవలసిన అవసరం రాదు.

సమాధానం 4: శిక్షణ చూసే టెక్నీషియన్

మణికట్టు వాపును చిన్న విషయంగా వదలకండి. మైక్రోటోమ్ చేతిచక్రం తిప్పే పనిని ఒకే మనిషి రోజంతా చేయకూడదు. రెండు గంటలకు ఒకసారి కోత నుంచి ఎంబెడింగ్‌కో స్టెయినింగ్‌కో మార్చండి. కుర్చీ ఎత్తు, మోచేతికి ఆనుడు సరిచూడండి, వీలైతే ఒక మోటారు మైక్రోటోమ్ కోసం అడగండి. అలసిన చేయి బ్లేడ్ దగ్గర ప్రమాదం కూడా. బ్లాకు మార్చేముందు చక్రానికి లాక్ వేయడం, బ్లేడ్‌కు రక్షణ కవచం దించడం తొందరలోనే మరచిపోతారు.

మనిషిని అడిగేటప్పుడు ఎలాంటి మనిషి అన్నది కూడా ఆలోచించండి. క్యాసెట్లు సర్దడం, బ్లాకులు దాచడం, ద్రావణాలు నింపడం, స్లైడ్లు అందించడం వంటి పనులకు సహాయకుడు ఒకరు దొరికితే, టెక్నీషియన్ల నికర సమయం వెంటనే పెరుగుతుంది. కొత్త టెక్నీషియన్ అయితే మొదటి నెలల్లో సీనియర్ సమయాన్ని కూడా తీసుకుంటారు కాబట్టి, ఆ కాలానికి వారిని పూర్తి మనిషిగా లెక్కలో చూపవద్దు.

ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం, మూడు వారాల తరువాత

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చెప్పినట్లే ఒకే బ్లాకును రెండు యంత్రాల మీద ఇద్దరి చేత కోయించాము, గీతలు రెండు చోట్లా వచ్చాయి. బయాప్సీలను పగటిపూట విడిగా చిన్న షెడ్యూలులో నడపడం మొదలుపెట్టాక ఆ గీతలు దాదాపు పోయాయి. వారం రోజులు గడియారంతో కొలిస్తే మా బయాప్సీకి పట్టే సమయం అయిదు కాదు, ఆరు నిమిషాలకు దగ్గరగా తేలింది. దాచే సెక్షన్లు కలిపితే ఇంకా ఎక్కువ. ఆ కాగితం చూపించాక కోటా ప్రతిపాదనను పక్కన పెట్టారు, సహాయకుడి నియామకానికి ఒప్పుకున్నారు, టెక్నీషియన్ పోస్టును పరిశీలిస్తామన్నారు. ఒకరు ఆరింటికి వచ్చి ఎంబెడింగ్ మొదలుపెడుతున్నారు, వారు రెండింటికే వెళ్లిపోతారు.

కొవ్వు ముక్కలు మాత్రం వారంలో రెండు రోజులు ఇంకా ఊడుతున్నాయి. రీకట్ కారణాల కాగితాన్ని తేదీలతో పోల్చి చూస్తే, ఆ రెండు రోజులకు ముందురోజు గ్రాసింగ్‌లో ముక్కలు అయిదారు మిల్లీమీటర్ల మందంతో వెళ్లినట్లు తెలిసింది. గ్రాసింగ్ చేసే వైద్యులతో రేపు కూర్చుని ఆ బ్లాకులనే బల్ల మీద పెట్టి మాట్లాడబోతున్నాను.