ఫీజు మాఫీ కోసం పిల్లాడికి తోడుంటే అది సేవేనా?

రెహోవోత్ మేడమీద:
నేనుండేది ఇజ్రాయెల్‌లోని రెహోవోత్‌లో, వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్ అనే సైన్సు పరిశోధన సంస్థకి నడిచి వెళ్లేంత దూరంలో. కింద ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, వాళ్లమ్మ ఉంటారు. ఇంట్లో రష్యన్ మాట్లాడుకుంటారు. ఆమెకు రాత్రి డ్యూటీలు. పోయిన ఏడాది ఆ బాబు కోసం ఒక కాలేజీ కుర్రాడు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా రెండు గంటలు ఉండేవాడు. కాసేపు హోంవర్కు, ఆ తర్వాత బంతాట, లేదంటే ఊరికే వీధి చివరిదాకా నడక.

ఈ ఏర్పాటు పేరు పెరాఖ్. హీబ్రూలో పువ్వు అని అర్థం. 1974లో ఇదే వైజ్‌మాన్‌లో మొదలై దేశమంతా పాకింది. యూదు పిల్లలకే కాదు, అరబ్బు పిల్లలకూ ఉంది. తోడుండేవాణ్ణి హోనేఖ్ అంటారు, పిల్లాణ్ణి హనీఖ్ అంటారు. చదువు అనే అర్థమున్న హినూఖ్, వాళ్ల హనుక్కా పండుగ, అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టినవే. (భాషల పిచ్చి ఉన్నవాణ్ణి, క్షమించండి.)

అసలు సంగతికొస్తాను. ఆ కుర్రాడికి ఇందుకు కాలేజీ ఫీజులో కొంత మాఫీ అవుతుంది. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ ఫీజు ఏడాదికి 10,000 షెకెల్‌ల పైమాటే. ఒక సాయంత్రం బాబు మెట్ల మీద కూర్చుని నన్నడిగాడు: "నాతో ఆడినందుకు వాడికి డబ్బులిస్తారట, నిజమేనా?" నాకు నోట మాట రాలేదు. జూన్‌లో క్లాసులు అయిపోయాయి, కుర్రాడు వెళ్లిపోయాడు. మీరేమంటారు? ఇది సేవా, పార్ట్‌టైమ్ ఉద్యోగమా?

గుంటూరు మాస్టారు:
ఉద్యోగమే, సందేహమెందుకు? నేను కాలేజీలో ముప్ఫయ్యేళ్లు పనిచేశాను. ఎన్నెస్సెస్‌లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. మా విద్యార్థుల్ని ఒక హాస్టల్‌కి తీసుకెళ్తే మొదటి అరగంట బ్యానర్ కట్టడానికి, చివరి అరగంట ఫొటోలకి సరిపోయేది. అక్కడి పిల్ల ఒకతి, "సార్, ఈ అక్క మళ్లీ వస్తుందా?" అనడిగింది. వస్తుందన్నాను. రాలేదు. ఆ అబద్ధం నాది. గంటలు లెక్కేసే చోట మనసు గడియారం మీదే ఉంటుంది.

న్యూటన్ పిన్ని:
మాస్టారూ, నేను బోస్టన్ పక్కనే ఉంటాను. ఇక్కడి యూదులు పైసా ఇవ్వకుండానే వందేళ్లకు పైగా ఇదే పని చేస్తున్నారు. జూయిష్ బిగ్ బ్రదర్స్ లాస్ ఏంజెలెస్‌లో 1915లో, బోస్టన్‌లో 1919లో మొదలైంది. అన్నగానో అక్కగానో ఒక పెద్దవాళ్లు, ఒక పిల్లాడు, అంతే.

ఇది ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో తూర్పు యూరప్ నుంచి వలసొచ్చిన పేద కుటుంబాల్లో మగాళ్లు పెళ్లాం పిల్లల్ని వదిలేసి పోవడం ఎంత ఎక్కువగా ఉండేదంటే, న్యూయార్క్‌లో ఫోర్‌వర్ట్స్ అనే యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పత్రిక పారిపోయిన మొగుళ్ల ఫొటోలు వరసగా అచ్చేసేది! వాళ్లను వెతికి పట్టుకోవడానికి 1911లో ఒక ఆఫీసే తెరిచారు. నాన్న లేని ఇంట్లో కుర్రాడు దారి తప్పితే కోర్టు బోనెక్కేవాడు. అలాంటి పిల్లలకు పెద్దవాడొకడు అన్నలా నిలబడాలన్న ఉద్యమం 1904లో న్యూయార్క్ పిల్లల కోర్టులో గుమస్తా ఎర్నెస్ట్ కౌల్టర్‌తో మొదలైంది. మన పిల్లలకు మనమే నిలబడాలని యూదులు తమ సంఘాలు పెట్టుకున్నారు.

ఇక మన తెలుగు పిల్లలు ఇక్కడ కాలేజీ అప్లికేషన్ కోసం గంటలు రాసుకుంటూ చేసే వాలంటీరింగ్ గురించి ఎత్తకండి, నాకు బీపీ పెరుగుతుంది.

రెహోవోత్ మేడమీద:
పిన్నిగారూ, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఊరికే వచ్చి చెయ్యగలిగేది ఎవరండీ? ఉద్యోగం కుదిరి, కారుండి, సాయంత్రాలు తమ చేతిలో ఉన్నవాళ్లు. ఇక్కడ యూదు కుర్రాళ్లలో చాలామంది సైన్యంలో మూడేళ్ల దాకా, అమ్మాయిలు రెండేళ్లు చేసి, ఇరవై దాటాక కాలేజీకి వస్తారు. అప్పటికి అద్దె, తిండి ఖర్చు వాళ్ల నెత్తి మీదే. ఈ మాఫీ లేకపోతే మా బాబు దగ్గరికొచ్చిన కుర్రాడు ఏ కేఫ్‌లోనో ప్లేట్లు మోసేవాడు.

అంకెల పిచ్చి:
డబ్బు పక్కన పెట్టి కాలం చూడండి. పిన్నిగారు చెప్పిన ఉద్యమంలోంచే వచ్చిన అమెరికా సంస్థ బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ మీద 1995లో వచ్చిన అధ్యయనంలో 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 959 మంది. కొందరికి వెంటనే తోడు కుదిర్చారు, కొందర్ని ఏడాదిన్నర ఆగమన్నారు. తోడున్న పిల్లలు డ్రగ్స్ మొదలుపెట్టే అవకాశం 46 శాతం, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువని తేలింది. అందరూ చెప్పుకునేది ఇంతవరకే.

అవే లెక్కల్ని గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో మళ్లీ తిరగేశారు. జోడీ ఏడాది దాటిన పిల్లలకే ఎక్కువ లాభం కనిపించింది. మూడు నెలల్లోపే విడిపోయిన పిల్లల్లో తమ మీద తమకున్న గౌరవం పడిపోయింది. అంటే సగంలో వదిలేసేకన్నా అసలు రాకపోవడమే నయం. పెరాఖ్ ఒప్పందం చదువుల ఏడాదికి. శరదృతువులో మొదలై జూన్‌తో సరి, అది పన్నెండు నెలలు ఎక్కడయింది? మీరందరూ పర్సు దగ్గర కొట్టుకుంటున్నారు, నాకు క్యాలెండర్ దగ్గర తేడా కనబడుతోంది.

గుంటూరు మాస్టారు:
క్యాలెండర్ అలా ఎందుకుందయ్యా? ఫీజు ఏడాదికోసారి కడతారు కాబట్టి! తిరిగి తిరిగి డబ్బు దగ్గరికే వచ్చావు.

పాత పుస్తకాల పురుగు:
ఈ తగువు యూదులకు కొత్తదేం కాదు మాస్టారూ. తోరా, అంటే వాళ్ల ధర్మగ్రంథం, నేర్పి జీతం పుచ్చుకోకూడదు, నీకు ఊరికే వచ్చింది, నువ్వూ ఊరికే ఇవ్వు అన్నది పాత నియమం. మరి పసిపిల్లల పంతులు బతికేదెట్లా? వాళ్ల పాత ధర్మచర్చల గ్రంథం తాల్మూద్‌లోని నెదారీమ్ భాగంలో ఇద్దరు పండితులు దారి వెతికారు. ఆ డబ్బు పాఠానికి కాదు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నందుకు అన్నాడు రవ్. కాదు, చదివేటప్పటి రాగం, విరుపు నేర్పినందుకు అన్నాడు యోహానాన్. వేరే పని మానుకుని వచ్చాడు గనక ఆ నష్టం పూడ్చుతున్నాం అనే వాదన కూడా ఉంది. మేడమీది ఆయన చెప్పిన కేఫ్ ప్లేట్లు సరిగ్గా ఇదే.

ఇంకోటి. పూర్వం తండ్రి ఉన్నవాడికి తండ్రే చదువు చెప్పేవాడు, తండ్రి లేనివాడికి చదువు లేదు. యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ఊరూరా పంతుళ్లను పెట్టించి ఆ లోటు తీర్చాడని తాల్మూదే చెబుతుంది. మంచి మనసుల కోసం ఎదురు చూడలేదు, ఏర్పాటు చేశాడు. నా ఓటు పెరాఖ్‌కే.

చేబ్రోలు కుర్రోడు:
మా పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీమ్ వాళ్లున్నారు, తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు. విదేశాల నుంచి యూదు వాలంటీర్లు వచ్చి, కొన్నాళ్లుండి హీబ్రూ నేర్పి వెళ్లేవారు. వాళ్లకు ఎవరూ ఫీజు కట్టలేదు, సొంత టికెట్‌తో వచ్చారు. అయినా వెళ్లిపోయారుగా. కాబట్టి మాస్టారి మాట సగమే ఒప్పుకుంటా.

న్యూటన్ పిన్ని:
సరే, మేడమీది బాబూ, నీ సంగతి చెప్పు. అంత అడిగిన పిల్లాడికి నువ్వేం జవాబు చెప్పావు?

రెహోవోత్ మేడమీద:
"అవును, ఫీజు తగ్గిస్తారు" అనే చెప్పానండీ. వాడు కాసేపు ఆలోచించి, "అయితే జ్వరం వచ్చిన రోజు కూడా అందుకే వచ్చాడా?" అన్నాడు. అది నాకు తెలీదన్నాను.

మొన్న పండుగ సెలవుల్లో ఆ కుర్రాడు తనంతట తానే వచ్చాడు. ఇప్పుడు మాఫీ ఏమీ లేదు. బాబు వాళ్లమ్మతో హైఫా వెళ్లాడు, ఇంటికి తాళం. నన్నడిగి ఒక కాగితం మీద ఫోన్ నంబర్ రాసి, తలుపు కింద నుంచి లోపలికి తోసి వెళ్లాడు.

గుంటూరు మాస్టారు:
బాబు ఫోన్ చేశాడా?

రెహోవోత్ మేడమీద:
ఇంకా లేదు మాస్టారూ. వాళ్లింటికి కొత్త హోనేఖ్ వస్తున్నాడు, ఆదివారం నుంచి.