ఆర్వీ ట్రిప్‌లో ఆఫీసు పని: ఏ డేటా ప్లాన్, ఎన్ని జీబీ?

ప్లానో_పార్థు

అందరికీ నమస్కారం. జులైలో డెన్వర్‌లో ఆర్వీ (లోపలే ఉండి పడుకోగలిగే ఇల్లు లాంటి బండి) అద్దెకు తీసుకుని మూడు వారాలు తిరగాలనుకుంటున్నాం. రూటు: బ్యాడ్‌ల్యాండ్స్, కస్టర్, కోడీ, యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్, గ్రాండ్ టీటన్‌లో కోల్టర్ బే, తిరిగి డెన్వర్. మొత్తం సెలవు పెట్టే వీలు లేదు. నేనూ మా ఆవిడా సోమవారం నుంచి శుక్రవారం దాకా లాగిన్ కావాల్సిందే. ఒక్కొక్కరికి రోజుకు మూడు గంటల టీమ్స్ మీటింగులు ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. సాయంత్రం వాళ్ల సీరియళ్లు, పిల్లాడి యూట్యూబ్ ఎలాగూ తప్పవు.

ఇప్పుడు మాకున్నవి టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్ లైన్లు రెండు. పేరుకు అన్‌లిమిటెడే. ఇది సరిపోతుందా, ఇంకో కంపెనీ సిమ్ కావాలా? సిగ్నల్ పెంచే బూస్టర్ కొనమని కొందరు, ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ తీసుకోమని కొందరు అంటున్నారు. అద్దె బండి కాబట్టి పైకప్పుకు రంధ్రాలు పెట్టడం కుదరదు.

నెల్లూరు_నెట్‌వర్క్

పార్థు గారూ, ముందు లెక్క వేసుకుందాం. ప్లాన్ సంగతి ఆ తర్వాత.

టీమ్స్ గ్రూప్ కాల్‌లో అందరి వీడియో ఆన్‌లో ఉంటే గంటకు సుమారు 1 జీబీ పోతుంది. వీడియో ఆపేసి మాట, స్క్రీన్ షేర్ మాత్రమే ఉంచితే 150 నుంచి 250 ఎంబీతో అయిపోతుంది. మీ ఇద్దరివీ కలిపి రోజుకు 6 గంటలు కాబట్టి వీడియోతో 6 జీబీ, లేకుండా ఒకటి, ఒకటిన్నర జీబీ. మెయిళ్లు, వీపీఎన్, కోడ్ దింపుకోవడం వంటివాటికి లాప్‌టాప్‌కు ఒకటిన్నర చొప్పున 3 జీబీ వేయండి. అంటే పనిరోజుకు లాప్‌టాప్‌ల ఖర్చు 9 జీబీ, పొదుపుగా వాడితే నాలుగున్నర. పదిహేను పనిరోజులకు 135 లేదా 68 జీబీ.

సీరియళ్లు, యూట్యూబ్ దీనికి అదనం. మామూలు నాణ్యతలో గంటకు 0.7 నుంచి 1 జీబీ, హెచ్‌డీలో 3 జీబీ దాకా లాగుతాయి. అయితే వాటిని ఫోన్‌లోనే, ఆ ఫోన్‌లో ఉన్న సిమ్ డేటాతోనే చూస్తే హాట్‌స్పాట్ కోటాలో నుంచి ఒక్క ఎంబీ కూడా పోదు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు చాలామంది పట్టించుకోనిది ఇదే. ఫోన్‌లో వాడే డేటా, హాట్‌స్పాట్ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చే డేటా కంపెనీ దృష్టిలో రెండు వేర్వేరు ఖాతాలు. అన్‌లిమిటెడ్ అన్న మాట చాలావరకు మొదటిదానికే వర్తిస్తుంది.

కాబట్టి మీ ప్లాన్ వివరాల్లో ఇవి వెతకండి. ఒకటి, హైస్పీడ్ హాట్‌స్పాట్ ఎన్ని జీబీ, అది అయిపోయాక వేగం ఎంత. చవక ప్లాన్లలో 5, 10 జీబీలే ఉంటాయి, పై తరగతి పోస్ట్‌పెయిడ్‌లో 50కి పైనే ఉంటాయి. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో 600 కేబీపీఎస్‌కు, ఏటీ అండ్ టీలో 128 కేబీపీఎస్‌కు దిగుతుంది. 600లో మాట నడుస్తుంది కానీ స్క్రీన్ షేర్ మసకబారుతుంది. 128లో మెయిల్ తెరుచుకోవడమే కష్టం. రెండు, ప్రయారిటీ డేటా ఎంత. మూడు, దేశం లోపలి రోమింగ్ ఎంత. సొంత టవర్ లేని చోట మీ కంపెనీ వేరేవాళ్ల టవర్ మీద నడుపుతుంది. అక్కడ చాలా ప్లాన్లు నెలకు కొన్ని వందల ఎంబీలే ఇస్తాయి, చవక బ్రాండ్లలో కొన్ని అసలేమీ ఇవ్వవు.

ప్రయారిటీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టవర్ ఖాళీగా ఉన్నప్పుడు చవక ప్లాన్, ఖరీదు ప్లాన్ ఒకేలా పరుగెడతాయి. రద్దీ పెరిగితే టవర్ ముందు పై తరగతి ప్లాన్లకు ఇచ్చి, మిగిలింది కింది తరగతికి పంచుతుంది. డల్లాస్ పక్కన మీ ప్లానోలో ఈ తేడా మీకు ఎప్పుడూ కనిపించి ఉండదు. జులై మధ్యాహ్నం యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ దగ్గర మాత్రం ఫోన్‌లో నిండు గీతలు ఉన్నా వాట్సాప్ మెసేజ్ కూడా కదలకపోవచ్చు. అది సిగ్నల్ లోపం కాదు, ఉన్న సామర్థ్యాన్ని వేలమంది పంచుకోవడం. అక్కడ బూస్టర్ పెట్టినా లాభం ఉండదు, ప్రయారిటీ ఉన్న ప్లానే కొంత పనిచేస్తుంది.

నా సలహా: టీ-మొబైల్ లైన్లు అలాగే ఉంచండి. వెరైజన్ నెట్‌వర్క్ మీద నడిచేది, ప్రయారిటీ డేటా ఉన్నది, ఒక నెల ప్రీపెయిడ్ ఈ-సిమ్ అదనంగా తీసుకోండి. ఒకే నెట్‌వర్క్ మీద 200 జీబీ కంటే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద డెబ్బై చొప్పున ఉండటం మేలు. టవరే లేనిచోట జీబీలు ఉండి ఏం లాభం?

విజిబుల్ అనే బ్రాండు వెరైజన్ వాళ్లదే. దాని మామూలు ప్లాన్‌లో హాట్‌స్పాట్‌కు జీబీ పరిమితి లేదు కానీ వేగం 5 ఎంబీపీఎస్ దగ్గర ఆగుతుంది, ప్రయారిటీ కూడా తక్కువ. ఒక లాప్‌టాప్ మీటింగుకు చాలు, ఇద్దరూ ఒకేసారి వీడియో పెడితే ఇబ్బంది. పై ప్లాన్ చూడండి. యూఎస్ మొబైల్ అనే కంపెనీలో ఏ నెట్‌వర్క్ కావాలో మనమే ఎంచుకోవచ్చు. ప్లాన్లు తరచూ మారుస్తుంటారు కాబట్టి కొనే రోజున పైన చెప్పిన మూడు అంకెలూ మళ్లీ చదవండి.

బోజ్‌మన్_బాబాయ్

లెక్క బాగా చెప్పారు. నేను రూటు సంగతి చెబుతాను.

వయోమింగ్, పశ్చిమ సౌత్ డకోటాలో ఊళ్లకు దూరంగా వెళ్లేకొద్దీ వెరైజన్ విస్తీర్ణం ఎక్కువ. టీ-మొబైల్ ఇంటర్‌స్టేట్ 25, 90 వెంట, ఊళ్లలో వేగంగానే ఉంటుంది, లోపలి రోడ్లలో పలచబడుతుంది. కస్టర్, కోడీ ఊళ్లలో పని చేసుకోవచ్చు. బిగ్‌హార్న్ కొండలు దాటే రోడ్ల మీద మాత్రం చాలాసేపు ఏదీ ఉండదు, మీటింగు ఉన్న పూట అటు బయల్దేరకండి.

యెల్లోస్టోన్‌లో సిగ్నల్ ఉండేది మామత్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, కెన్యన్, లేక్, గ్రాంట్ లాంటి కొన్నిచోట్లే. ఫిషింగ్ బ్రిడ్జ్ ఈ లేక్ అనే చోటుకు దగ్గరే కాబట్టి మీకు ఎంతోకొంత అందుతుంది, కానీ వేసవి సాయంత్రాలు దాన్ని నమ్ముకోవద్దు. లమార్, హేడెన్ లోయల్లో ఏమీ ఆశించకండి. ఇక్కడ టైమ్ మీకు కలిసొస్తుంది. డల్లాస్ తొమ్మిదంటే పార్కులో ఎనిమిది. జనం ఇంకా రోడ్డెక్కకముందే మీటింగులు పెట్టుకుంటే టవర్ కూడా ఖాళీగా ఉంటుంది. తప్పిపోకూడని డెమో లాంటిది ఉంటే ఆ రాత్రి పార్కు బయట, వెస్ట్ యెల్లోస్టోన్‌లోనో కోడీలోనో ఉండేలా బుకింగ్ మార్చుకోండి. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఈ పని చేయలేదు.

మ్యాపుల గురించి ఒక మాట. కంపెనీల సొంత మ్యాపుల్లో రోమింగ్ కూడా కలిసిపోయి కనిపించవచ్చు, రంగుల గుర్తులు సరిగ్గా చదవండి. ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో మొబైల్ విభాగానికి వెళ్లి ఒక్కో కంపెనీని విడిగా చూడవచ్చు. కాంపెండియం అనే క్యాంపుల సమీక్షల సైటులో ఒక్కో క్యాంప్‌గ్రౌండ్ కింద బస చేసినవాళ్లు ఏ కంపెనీకి ఎంత సిగ్నల్ వచ్చిందో రాస్తారు. అవి చదివేటప్పుడు నెల చూసుకోండి. అక్టోబర్‌లో బాగుందని రాసినచోటే జులైలో బాగుంటుందన్న నమ్మకం లేదు.

ఆర్వీ పార్కుల వై-ఫైని పని కోసం లెక్కలోకి తీసుకోవద్దు. తెల్లవారుజామున సీరియళ్లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి పనికొస్తుంది.

ప్లానో_పార్థు

ఇద్దరికీ చాలా థాంక్స్. టీ-మొబైల్ యాప్‌లో చూశాను, మా ప్లాన్‌లో లైనుకు 50 జీబీ హాట్‌స్పాట్ ఉంది. వెరైజన్ మీద ఈ-సిమ్ తీసుకుంటాను. ఇంట్లో టీ-మొబైల్ హోమ్ ఇంటర్నెట్ బాక్స్ కూడా ఉంది, దాన్నే బండిలో పెట్టుకుంటే? బూస్టర్, స్టార్‌లింక్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కరీంనగర్_కోయాక్స్

హోమ్ బాక్స్ తీసుకెళ్లకండి అన్నా. ఆ ప్లాన్ మీరు ఇచ్చిన అడ్రసుకే పరిమితం, వేరేచోట వాడటం నిబంధనలకు విరుద్ధం, ఎప్పుడైనా ఆపేయొచ్చు. ప్రయాణంలో వాడటానికే టీ-మొబైల్‌కు అవే అనే ప్లాన్ విడిగా ఉంది. హాట్‌స్పాట్ వాడకం కనిపించకుండా రూటర్‌లో టీటీఎల్ (డేటా ప్యాకెట్ల మీద ఉండే ఒక అంకె) మార్చే చిట్కాలు కూడా నెట్‌లో దొరుకుతాయి. నెల మధ్యలో, అదీ కొండల్లో లైన్ కట్ అయితే మీ ఉద్యోగానికే చిక్కు. వాటి జోలికి పోకండి.

బూస్టర్ గురించి. బండ్లలో వాడే మామూలు బూస్టర్‌కు సిగ్నల్ ఎంత పెంచవచ్చో ఎఫ్‌సీసీ విధించిన పరిమితి 50 డీబీ (డెసిబెల్స్). అది అన్ని బ్యాండ్లనూ, అంటే కంపెనీలు వాడే అన్ని ఫ్రీక్వెన్సీలనూ, పెంచదు. సాధారణంగా 700, 850, 1900 మెగాహెర్ట్జ్, ఏడబ్ల్యూఎస్ బ్యాండ్లు పెంచుతుంది. టీ-మొబైల్ దూరప్రాంతాల్లో వాడే 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71 గానీ, వేగం ఇచ్చే 2.5 గిగాహెర్ట్జ్ గానీ చాలా బూస్టర్లలో ఉండవు. అంటే మీ ఇప్పటి సిమ్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ. వెరైజన్ బ్యాండ్ 13కు పనికొస్తుంది.

ఎప్పుడు పనికొస్తుందో ఫోనే చెబుతుంది. సిగ్నల్ వివరాలు చూపే ఫీల్డ్ టెస్ట్ స్క్రీన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం, చూడండి. మైనస్ 80, 90 మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 కంటే కిందికి దిగితే బలహీనం, మైనస్ 120 దగ్గర తెగిపోతుంది. పక్కనే సైనర్ అనే అంకె ఉంటుంది, అది గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది, ఎక్కువ ఉంటే మంచిది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 112 ఉండి సైనర్ 10 ఉంటే బూస్టర్ సాయపడుతుంది. ముఖ్యంగా అప్‌లోడ్‌కు. ఫోన్ గరిష్ఠంగా పంపగలిగే శక్తి 200 మిల్లీవాట్లే. దూరపు టవర్ మాట మనకు వినిపిస్తుంది, మన మాట దానికి చేరదు. మీటింగులో మీకు అందరూ వినిపిస్తూ, మీ గొంతు వాళ్లకు ముక్కలుముక్కలుగా వెళ్లడానికి కారణం ఇదే. సైనర్ సున్నాకు దిగువన ఉంటే మాత్రం బూస్టర్ గోలను కూడా కలిపి పెంచుతుంది.

ఇంకో లోపం. ఫోన్, హాట్‌స్పాట్ పరికరం రెండు లేదా నాలుగు యాంటెన్నాలతో ఒకేసారి డేటా తెచ్చుకుంటాయి. బూస్టర్ దాన్ని ఒకే దారికి కుదిస్తుంది. సిగ్నల్ ఓ మాదిరిగా ఉన్నచోట బూస్టర్ పెట్టాక వేగం తగ్గడం అందుకే. ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి నిర్ణయించండి. వాడేముందు మీ కంపెనీ దగ్గర బూస్టర్‌ను రిజిస్టర్ చేయాలి. బయటి, లోపలి యాంటెన్నాలు మరీ దగ్గరైతే రెండూ ఒకదాన్నొకటి వింటూ బూస్టర్ తనంతట తాను గెయిన్ (సిగ్నల్ పెంచే మోతాదు) తగ్గించుకుంటుంది. అద్దె బండి పైకప్పు ఫైబర్‌గ్లాసో, రబ్బరో, అల్యూమినియమో అయి ఉంటుంది కాబట్టి అయస్కాంతపు యాంటెన్నా అతుక్కోదు.

మూడు వారాల కోసం బూస్టర్ మీద డబ్బు పెట్టను. దాని బదులు యాంటెన్నా పోర్టులున్న హాట్‌స్పాట్ పరికరం తీసుకుని, కిటికీ అద్దానికి సక్షన్ కప్పుతో అంటించే రెండు తీగల మిమో యాంటెన్నా (రెండు దారుల్లో ఒకేసారి డేటా తెచ్చేది) పెట్టండి. నెట్‌గేర్ నైట్‌హాక్ ఎం6కు అలాంటి యాంటెన్నా తగిలించే టీఎస్-9 పోర్టులు ఉంటాయి. రెండు సిమ్‌లు ఒకేచోట కావాలంటే జీఎల్ ఐనెట్ స్పిట్జ్ ఏఎక్స్ లాంటి రూటర్ బాగుంటుంది, అందులో బ్యాండ్ లాక్ కూడా చేయొచ్చు, అంటే మనం ఎంచుకున్న బ్యాండ్ మీదే నిలపొచ్చు. పరికరానికి పనిచేసే ప్లాన్ ఫోన్ ప్లాన్ కాదు, డేటా-ఓన్లీ లేదా హాట్‌స్పాట్ ప్లాన్ అన్నది మరవకండి. తీగ పొట్టిగా ఉండాలి. ఎల్‌ఎంఆర్-195 అనే రకం తీగలో 1900 మెగాహెర్ట్జ్ దగ్గర పది అడుగులకే ఒకటిన్నర డీబీకి పైగా పోతుంది.

ఏమీ కొనకూడదనుకుంటే ఫోన్‌ను టవర్ వైపు కిటికీ దగ్గర, ఎండ తగలకుండా పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. వేడెక్కితే ఫోన్ వేగం తగ్గించేస్తుంది. 5జీ గుర్తు చూపిస్తూ నెమ్మదిగా ఉంటే సెట్టింగ్స్‌లో ఎల్‌టీఈకి (4జీకి) మార్చి చూడండి. లో-బ్యాండ్ 5జీ కంటే ఎల్‌టీఈయే నిలకడగా ఉండే చోట్లు ఈ రూటులో చాలా ఉంటాయి.

స్టార్‌లింక్ మినీ తీసుకుంటే టవర్ బెంగ తీరుతుంది, కానీ ఆకాశం తెరిపిగా కనిపించాలి. బ్యాడ్‌ల్యాండ్స్ మైదానంలో హాయిగా పనిచేస్తుంది. ఫిషింగ్ బ్రిడ్జ్ చుట్టూ లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు, అక్కడ చెట్టు అడ్డొచ్చినప్పుడల్లా కొన్ని సెకన్లు తెగుతుంది. సినిమాకు పర్వాలేదు, మీటింగుకు చిరాకు. కరెంటు 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది, ఎనిమిది గంటలకు 200 నుంచి 320 వాట్-అవర్లు. బండిలో 100 ఆంపియర్-అవర్ల మామూలు లెడ్ బ్యాటరీ ఉంటే అందులో వాడదగ్గది 600 వాట్-అవర్లు. హుకప్ (క్యాంపులో బండికి ఇచ్చే కరెంటు కనెక్షన్) ఉన్నచోట చింత లేదు. ఇద్దరి ఉద్యోగాలూ దీనిమీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి, ఒక నెలకు స్టార్‌లింక్ వాళ్ల ప్రయాణపు ప్లాన్ రోమ్ తీసుకుని తర్వాత ఆపేయడం నాకు దండగ అనిపించదు. కానీ వెరైజన్ సిమ్‌కు బదులుగా కాదు, దానికి తోడుగా.

సీమ_సిమ్

ఎవరూ అనలేదని చెబుతున్నా. అమ్మానాన్నలు ఇండియా ఫోన్లే తెస్తారు కదా. ఇండియా మోడళ్లలో చాలావాటికి బ్యాండ్ 12, 13, 71 ఉండవు. ఊళ్లో టీ-మొబైల్ సిమ్‌తో బాగానే నడుస్తాయి, కొండల్లోకి రాగానే మీ ఫోన్‌లో సిగ్నల్ ఉండి వాళ్ల ఫోన్‌లో ఉండదు. ఏటీ అండ్ టీ అయితే తన ఆమోదిత జాబితాలో లేని ఫోన్‌ను అసలు నెట్‌వర్క్‌లోకే రానివ్వదు. అప్పుడు సీరియళ్లన్నీ మీ హాట్‌స్పాట్ మీద పడి పైన నెల్లూరు గారు వేసిన లెక్క తప్పుతుంది. మీ ఇంట్లో పాత అమెరికా ఫోన్ ఏదైనా ఉంటే వాళ్లకు అదే ఇచ్చి సిమ్ వేయండి.

వాయిదాల్లో కొన్న మీ ఫోన్ అమ్మిన కంపెనీకే లాక్ అయి ఉంటే రెండో కంపెనీ ఈ-సిమ్ పడదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ ఎదురుగా నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉందో లేదో ఇవాళే చూడండి. ఈ-సిమ్ యాక్టివేట్ కావడానికే ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఇంట్లో ఉండగానే పూర్తి చేసి, ఒక పనిరోజంతా ఇంటి వై-ఫై ఆపేసి దానిమీదే పని చేసి చూడండి. ఆఫీసు వీపీఎన్ కలిసినట్టే కలిసి పేజీలు తెరుచుకోకపోతే చాలాసార్లు ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య. రూటర్‌లో 1500 బదులు 1400, కాకపోతే 1300 పెట్టి చూడండి. ఆఫీసు లాప్‌టాప్‌లో మార్చే అనుమతి ఉండదు, ఐటీ వాళ్లనే అడగాలి. అందుకే ఆ పరీక్ష బయల్దేరే ముందే జరగాలి.

రెండు లాప్‌టాప్‌లలోనూ హాట్‌స్పాట్ పేరు మీద మీటర్డ్ కనెక్షన్ (డేటా పరిమితం అని చెప్పే సెట్టింగ్) ఆన్ చేయండి, విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. వన్‌డ్రైవ్, ఫొటోల బ్యాకప్ విడిగా ఆపాలి. గీజర్ల వీడియోలు తీసిన రోజు అవే 10 జీబీ మింగేస్తాయి.

మీలో ఎవరైనా హెచ్-1బీ మీద ఉంటే, ఇన్ని రోజులు వేరే రాష్ట్రాల నుంచి పని చేయడం గురించి కంపెనీ ఇమ్మిగ్రేషన్ టీమ్‌కు ముందే మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.