వారంటీలో ఇంజిన్ విప్పి 47 రోజులు, ఇంకా "పార్ట్ రాలేదు" అంటున్నారు. ఏం చేయాలి?

వైట్‌ఫీల్డ్ బండి:
అందరికీ నమస్కారం. 300 సీసీ లిక్విడ్ కూల్డ్ బండి, కొని 14 నెలలు, 11,800 కి.మీ. తిరిగింది. కొన్నది అనంతపురంలో, నంబరు ఏపీది, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. వారంటీ మూడేళ్లు. సర్వీసులన్నీ టైముకే చేయించాను, బిల్లులున్నాయి. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు.

పొద్దున మొదటి స్టార్ట్‌లో ఇంజిన్ పైనుంచి టకటకమని చప్పుడు. ముందు క్యామ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి చైన్‌ని బిగుతుగా ఉంచేది) అన్నారు. హెడ్, అంటే ఇంజిన్ పైభాగం విప్పాక క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) కూడా అరిగింది, అన్నీ వారంటీలోనే మారుస్తామన్నారు. ఇవాళ్టికి 47 రోజులు. ఎప్పుడు అడిగినా "పార్ట్ బందిల్ల సార్, ముందిన వార" (పార్ట్ రాలేదు, వచ్చే వారం) అంటారు. జాబ్ కార్డ్‌లో (బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) డెలివరీ తేదీ గడి ఖాళీగా ఉంది.

వేరే సర్వీస్ సెంటర్‌కి మార్చొచ్చా? పోయిన రోజులు వారంటీలో కలుపుతారా? కేసు వేయాల్సి వస్తే ఇక్కడా, అనంతపురంలోనా? విప్పిన ఇంజిన్ అలా పడి ఉంటే పాడవదా?

పానా బాబాయ్:
తమ్ముడూ, "పార్ట్ రాలేదు" అనే ఒక్క మాట వెనక నాలుగు రకాల ఆలస్యాలుంటాయి. నీ బండి ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలీకుండా ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తుంది.

అసలు క్లెయిమ్ కంపెనీకి వెళ్లిందా అన్నది మొదటి మెట్టు. డీలర్ ఫోటోలు, వీడియో, కారణం రాసిన రిపోర్టు కంపెనీ సిస్టమ్‌లో ఎక్కించాలి. ఎక్కించాక ఇంకో ఫోటో కావాలని, అరుగుదల కొలత కావాలని కంపెనీవాళ్లు తిప్పి పంపుతారు. డీలర్ జవాబివ్వకపోతే అది అక్కడే ఉంటుంది. బయటికి కనపడకుండా రోజులు కరిగిపోయేది ఇక్కడే. అప్రూవల్ వచ్చినా ఆర్డర్ పెట్టకపోవచ్చు. ఆర్డర్ పెట్టినా కంపెనీ గోడౌన్‌లోనే సరుకు లేక బ్యాక్ ఆర్డర్‌లో ఉండొచ్చు.

కాబట్టి సర్వీస్ అడ్వైజర్ని వదిలేసి సర్వీస్ మేనేజర్ని రాతలో అడుగు: క్లెయిమ్ నంబరు, వేసిన తేదీ, అప్రూవల్ తేదీ, ఒక్కో పార్ట్ నంబరు, ఆర్డర్ నంబరు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, అది మామూలు స్టాక్ ఆర్డరా, వీఓఆర్ ఆర్డరా అని. వీఓఆర్ అంటే బండి కదల్లేని స్థితిలో ఉందని చెప్పి పెట్టే అర్జెంట్ ఆర్డర్. మామూలు ఆర్డర్ మిగతా స్టాక్ సరుకుతో కలిసి తీరిగ్గా వస్తుంది.

పార్టుల లిస్టు కూడా పూర్తిగా చూడు. క్యామ్‌షాఫ్ట్, టెన్షనర్, చైన్, గైడ్లు, క్యామ్ మీద నడిచే ఫాలోవర్లు లేదా రాకర్లు, హెడ్ గ్యాస్కెట్, పై కవర్ గ్యాస్కెట్, టెన్షనర్ గ్యాస్కెట్, ఓ రింగులు, ఆయిల్ ఫిల్టర్. వాల్వులు బయటికి తీస్తే స్టెమ్ సీల్స్ కూడా. పెద్ద పార్టులు వచ్చేసి, ఒక్క గ్యాస్కెట్ ఆర్డర్‌లో లేక మళ్లీ రెండు వారాలు ఆగిన ఇంజిన్లు చాలా ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్ ఒకసారి బిగించాక విప్పితే పాతది మళ్లీ వాడకూడదు. క్యామ్ ఒక్కటే మార్చి అరిగిన ఫాలోవర్లు వదిలేస్తే కొత్త క్యామ్‌ని అవే కొరికేస్తాయి.

11,800 కి.మీ.కే క్యామ్ ఎందుకు అరిగింది? ఇది తప్పకుండా అడుగు. పైకి ఆయిల్ అందకపోతే అరుగుతుంది. ఆయిల్ దారి, పంపు, స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ) చూశారా అని జాబ్ కార్డ్ మీద రాయించు. ఆ కారణం తేలకుండా పార్టులు మార్చడం సగం పనే.

చైన్ లూబ్:
విప్పిన ఇంజిన్ సంగతి నేను చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వెళ్లి కళ్లతో చూడండి, అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఇన్సూరెన్స్ నిబంధన అని లోపలికి రానివ్వకపోతే బండిని గేటు దాకా తోసుకొచ్చి చూపించమనండి.

బోర్ (పిస్టన్ నడిచే గొట్టం) గోడల మీద పల్చగా ఆయిల్ పూసి, పైన శుభ్రమైన గుడ్డ, దాని మీద పాలిథిన్ కప్పి ఉండాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలు మూసి ఉండాలి. బోర్ ఇనుప లైనర్ అయితే బెంగళూరు వానలకి కొద్ది వారాల్లోనే పైన తుప్పు మచ్చ పడుతుంది. దాని మీద పిస్టన్ రింగులు నడిస్తే తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. క్యామ్ చైన్ సందులోంచి దుమ్ము, బోల్టు కింద ఆయిల్ నిలిచే సంపులోకి పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే పార్టులు వచ్చాక పాత ఆయిల్ వాడొద్దనండి. కొత్త ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ ఖర్చు ఎవరిదో ఇప్పుడే రాతలో తేల్చుకోండి. చాలా వారంటీ పుస్తకాల్లో ఇలాంటివి మినహాయింపుల కింద ఉంటాయి.

బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించండి. ఇంజిన్ ఆపినా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), గడియారం కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.4 కంటే దిగితే ఛార్జ్ పెట్టాలి, వారాల తరబడి 12 కంటే కింద ఉంటే ప్లేట్లు పాడైపోతాయి. బ్యాటరీ నంబరు ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. దాని వారంటీ చాలా బళ్లకి వేరే కంపెనీ చూసుకుంటుంది. అది పోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

ట్యాంకులో ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలవుంటే తేమ పీలుస్తుంది. బండి చేతికొచ్చిన రోజే కొత్త పెట్రోలు పోయించండి. సీటు కింద ఎలుకలు కొరికిన వైరు ఉందేమో కూడా చూడండి, షెడ్డుల్లో ఇది మామూలే.

కోరమంగళ రైడర్:
బ్రో, నేనైతే వేరే సెంటర్‌కి మార్చేయమంటాను. వారంటీ ఇచ్చేది కంపెనీ, ఆ కంపెనీ ఆథరైజ్డ్ సెంటర్ ఏదైనా చేయాలి.

పానా బాబాయ్:
మాట నిజమే, కానీ హెడ్ విప్పిన బండికి వద్దు. కొత్త చోట "మేం విప్పింది కాదు" అంటారు, పోయిన బోల్టుకి ఎవరూ జవాబుదారీ కాదు. క్లెయిమ్ కూడా పాత డీలర్ పేరు మీదే ఉంటుంది, రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి వేయాలి. పార్టు ఇంకా ఆర్డరే పెట్టలేదని తేలితే మాత్రం మార్చు. అప్పుడు కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ ఒప్పుకున్న మెయిల్, విప్పిన పార్టుల లిస్టు, ఫోటోలు మూడూ ఉండాలి. పాత క్యామ్ ఎక్కడికీ పోకూడదు, కంపెనీ చూడమంటే అదే సాక్ష్యం.

జయనగర్ ప్లీడర్:
వైట్‌ఫీల్డ్ గారూ, ఫోన్లు ఆపి మెయిల్ మొదలుపెట్టండి. ఒకే మెయిల్ సర్వీస్ సెంటర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ వెళ్లాలి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, జాబ్ కార్డ్ నంబరు, ఇచ్చిన తేదీ, బాబాయ్ చెప్పిన ప్రశ్నలు, జవాబుకి 7 రోజులు. కోపం మాటలు వద్దు, రేపు కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ చదివేది ఆ మెయిలే.

కదలిక లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే చెప్పొచ్చు. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు, తీర్పు ఇచ్చే అధికారం మాత్రం లేదు. ఆ తర్వాత స్పీడ్ పోస్ట్‌లో 15 రోజుల నోటీసు. చట్టప్రకారం నోటీసు తప్పనిసరి కాదు, పంపితే మీ పక్షం బలపడుతుంది.

కేసు బెంగళూరులోనే వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న చోట గానీ, పని చేస్తున్న చోట గానీ వేసే హక్కుంది. బండి ఎక్కడ కొన్నారన్నది అడ్డు కాదు. అద్దె అగ్రిమెంట్ పెట్టండి. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి, 5 లక్షల వరకు ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. లాయర్ లేకుండా ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. సర్వీస్ సెంటర్, కంపెనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి.

ఏం అడగాలన్నది ఆలోచించి రాయండి. ఫలానా తేదీలోపు రిపేరు, కాకపోతే బండి మార్పిడి లేదా డబ్బు వాపసు, దాంతోపాటు నష్టపరిహారం. ఒక్క లోపానికి మొదటే డబ్బు వాపసు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, అది పుట్టుకతో వచ్చిన లోపమని నిపుణుడి రిపోర్టుతో చూపించాల్సి ఉంటుంది. ఈ 47 రోజుల క్యాబ్, ఆటో బిల్లులు, మెట్రో ఖర్చు లెక్క దాచండి.

పోయిన రోజులు వారంటీకి వాటంతటవే కలవవు. మార్చిన పార్టుకి కూడా మామూలుగా మిగిలిన వారంటీయే వర్తిస్తుంది. పొడిగింపు లెటర్ అడిగి తీసుకోవాలి, అడగడానికి మంచి సమయం బండి ఇంకా వాళ్ల దగ్గర ఉన్నప్పుడే. ఈఎంఐ మాత్రం ఆపకండి, ఆ దెబ్బ మీ క్రెడిట్ స్కోరుకే. ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్ (మీ సొంత బండి నష్టానికి ఉండేది) తేదీ కూడా చూసుకోండి. గడువు దాటి 90 రోజులు పోతే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, రెన్యువల్‌కి ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, బండేమో ముక్కలుగా ఉంది.

వైట్‌ఫీల్డ్ బండి:
అందరికీ చాలా థాంక్స్. మెయిల్ ఇవాళే పంపుతున్నాను. ఇంకో మాట, పొద్దున "సర్వీస్ పూర్తయింది" అని మెసేజ్, ఓటీపీ వచ్చాయి. బండి ఇంకా విప్పే ఉంది.

పానా బాబాయ్:
ఓటీపీ చెప్పొద్దు. జాబ్ కార్డ్ మూసేస్తే కంపెనీ రికార్డులో నీ బండి డెలివరీ అయిపోయినట్టే, ఆలస్యం లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, ఇవాళ్టి బండి ఫోటో కలిపి అదే మెయిల్లో పెట్టు.

డెలివరీ రోజు పొద్దున్నే వెళ్లు, ఇంజిన్ చల్లగా ఉండగా మొదటి స్టార్ట్ నీ ముందే కొట్టమను. మీటర్ కనపడేలా వీడియో తియ్యి. బిల్లులో మార్చిన ప్రతి పార్ట్ నంబరు సున్నా ధరతో ఉండాలి. ఇరవై నిమిషాలు నడిపి హెడ్ జాయింట్ దగ్గర ఆయిల్, కూలెంట్ చెమ్మ చూసి, అప్పుడు సంతకం పెట్టు.