అప్‌డేట్: సైన్స్ చిత్రాల్లో వెనకబడుతున్న తెలుగు సబ్‌టైటిళ్ల సమస్య తీరింది

బెంగళూరులోని మా అపార్ట్‌మెంటులో తెలుగు కుటుంబాల కోసం తలపెట్టిన చిన్న సైన్స్ చిత్రోత్సవానికి మేము రాసిన సబ్‌టైటిళ్లు, మొదట సరిగానే ఉండి, 26 నిమిషాల చిత్రం ముగిసేసరికి నిమిషానికి పైగా వెనకబడుతున్నాయని గత నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫ్రేమ్ రేటు, అంటే వీడియో సెకనుకు ఎన్ని ఫ్రేములు (నిశ్చల చిత్రాలు) చూపుతుందో, చూడమన్న సలహాయే ఫలించింది. మా వీడియో సెకనుకు 25 ఫ్రేములది కాగా, సబ్‌టైటిళ్ల సమయాలను 23.976 ఫ్రేముల ప్రతిని చూస్తూ గుర్తించామని ఎడిటింగ్ వృత్తిలో ఉన్న మిత్రుడు ఫైళ్లు తెరిచి చూపించారు. 25 ఫ్రేముల ప్రతి దాదాపు 4 శాతం వేగంగా నడుస్తుంది కనుక, తేడా క్షణక్షణం పెరుగుతూ చివరికి 66 సెకన్లకు చేరింది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటును 23.976 నుంచి 25కు మార్చగానే సరిపోయింది. మేము మొదట చేసినట్లు వాక్యాలన్నిటినీ ఒకే వ్యవధి ముందుకు జరిపితే చిత్రం ఆరంభం చెడిపోతుంది. ఫాంటుకూ, ప్రొజెక్టరుకూ, కేబులుకూ దీనితో ఏ సంబంధమూ లేదు.

ఆదివారం ప్రదర్శనలో సీతాకోకచిలుక ముడుచుకున్న తడి రెక్కలు విప్పుతున్నప్పుడు, “రెక్కల నాళాల్లోకి ద్రవం ఎక్కుతోంది” అన్న వాక్యం సరిగ్గా అదే క్షణంలో తెరపైకి వచ్చింది. ముందు వరుసలోని పిల్లలు దాన్ని కూడబలుక్కుని బిగ్గరగా చదివారు.