రెండు మూడు రోజులు కట్టేసి బయటికి తీస్తే వెనక కండలు పట్టేస్తున్న గుర్రం: దాణా, పని ఎట్ల సర్దాలె?

జడ్చర్ల లాయం

మార్వాడీ, థరోబ్రెడ్ కలిసిన ఆడ గుర్రం. ఏడేళ్లు, బరువు 380 కిలోల దాకా ఉంటది. బరాత్‌లకు పోతది. మూఢంల కొట్టంలనే ఉంటది, ముహూర్తాలు మొదలైనంక వరుసగా పని. ఈ సీజన్‌ల రెండుసార్లు ఇట్లయింది: బయలుదేరిన ఇరవై నిమిషాలకే ఒళ్లంతా చెమట, వెనక కాళ్లు ముందుకు పడవు, తుంటి మీది కండ వేలు దిగనంత గట్టి. రెండోసారి మూత్రం డికాక్షన్ రంగుల వచ్చింది. ఆరు గంటల తర్వాత తీసిన రక్తంల సీకే (కండ చితికితే రక్తంల పెరిగే ఎంజైమ్) 14,000 దాటింది. ఇప్పుడు మామూలుగనే నడుస్తున్నది.

రోజు దాణా: మక్కలు 2 కిలోలు, ఉలవలు కిలోన్నర ఉడకబెట్టి, తవుడు కిలో, బెల్లం పావుకిలో. రెండు పూటలుగా. మేతకు వరిగడ్డి, సూపర్ నేపియర్. పని లేని రోజు కూడా ఇంతే. పట్టేసినప్పుడు నడిపిస్తే పోతదని కొందరు, నొప్పి సూది వేయమని కొందరు అంటున్నరు. ఏది సరి?

నల్గొండ పశువైద్యం

నడిపించొద్దు. పట్టేసిన కండను పని చేయిస్తే ఇంకా తెగుతుంది. ఎక్కడ పట్టేస్తే అక్కడే ఆపి, జీను, మీది అలంకారం బట్ట తీసి, నీడలో నిలబెట్టండి. డీసీఎంలో ఎక్కించి దూరం తీసుకుపోతే తూకం నిలుపుకోవడానికి అవే కండలు బిగపట్టాల్సి వస్తుంది, అదీ వద్దు. ముందు నీళ్లు పెట్టండి. ఎండాకాలమైతే ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి. డాక్టర్ అందుబాటులో లేకపోతే 1962కు (పశువైద్య సేవల నంబరు) ఫోన్ చేయండి.

ఆ నల్లటి మూత్రాన్ని తేలిగ్గా తీసుకోకండి. చితికిన కండ నుంచి మయోగ్లోబిన్ (కండలో ఉండే ఎర్రటి ప్రోటీన్) రక్తంలోకి దిగి, మూత్రపిండాల గుండా పోతున్నదని అర్థం. నీళ్లు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. నొప్పి సూదితో అసలు భయం ఇక్కడే ఉంది: ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్, మెలాక్సికామ్, ఏదైనా సరే కిడ్నీకి రక్త ప్రసరణను తగ్గిస్తుంది. సెలైన్ ఎక్కించి, మూత్రం బాగా వచ్చాకే డాక్టర్ చేత వేయించాలి. డైక్లోఫినాక్ జోలికైతే అసలే పోకండి, ఆ మందున్న కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువుల వాడకానికి దాన్ని 2006లోనే నిషేధించారు.

చెమట, కదలకపోవడం చూసి చాలామంది కడుపునొప్పి అనుకుని నూనె తాగిస్తారు. తుంటి కండ నొక్కి చూడండి, మూత్రం రంగు చూడండి, తేడా తెలుస్తుంది.

రక్త పరీక్షకు మనుషుల ల్యాబుకే పంపొచ్చు, సీపీకే అని అడగండి, సీకేకే ఆ పేరు. దాంతోపాటు ఏఎస్‌టీ (ఎస్‌జీఓటీ) కూడా చేయించండి, అదీ కండ దెబ్బను చూపే ఎంజైమే. సీకే నాలుగు నుంచి ఆరు గంటల్లో పైకెక్కి, కొత్త దెబ్బ లేకపోతే కొద్ది రోజుల్లో దిగిపోతుంది. ఏఎస్‌టీ ఒక రోజుకు పెరిగి వారాలపాటు ఉంటుంది. సీకే మామూలుగా ఉండి ఏఎస్‌టీ ఎక్కువుంటే పాత దెబ్బ మానుతున్నట్టు. రెండూ ఎక్కువుంటే లోపల ఇంకా నడుస్తున్నట్టే, గుర్రం బాగా నడుస్తున్నా సరే.

ఇంకొకటి తప్పకుండా చూడండి. మీ వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి ప్రాణాంతకం, గుండె కండనూ ఒంటి కండనూ కుళ్లబెడుతుంది. కోళ్ల దాణా సంచుల్లో గుర్రం దాణా పోయకండి, ఆ మిక్సర్‌లో పట్టించకండి. గట్ల మీద పెరిగే కసివింద గింజలు కూడా కండలను చెడగొడతాయి, మేతలో రాకుండా ఏరండి.

దాణా లెక్క

మీ లెక్కలో తప్పు పని లేని రోజున ఉంది. మక్కల్లో పిండి పదార్థం 70 శాతం దగ్గర ఉంటుంది. పూటకు కిలో అంటే మక్కల నుంచే 700 గ్రాముల పిండి. 380 కిలోల గుర్రానికి ఒక పూటకు 380 గ్రాములు దాటకుండా చూడాలి. ఆ పైన ఉలవలు, బెల్లం. ఉలవలు మాంసకృత్తులకు మంచివే, కానీ సగానికి పైగా పిండి పదార్థాలే. మూఢంలో గుర్రం కదలకుండా నిలబడి ఇదంతా తింటే కండలో చక్కెర నిల్వ పేరుకుంటుంది, గుర్రం కూడా దుడుకెక్కుతుంది. థరోబ్రెడ్ రక్తమున్న భయస్తురాళ్లైన ఆడ గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువ.

మక్కలు, బెల్లం పూర్తిగా మానేయండి. పది రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గించండి, ఒక్కసారి మారిస్తే కడుపునొప్పి వస్తుంది. ముందు మేత నిలబెట్టాలి: ఎండు మేత రోజుకు 6 నుంచి 7 కిలోలు. ముదిరిన ఎండు జొన్నచొప్ప 4 కిలోలు, పల్లికట్టె 2 కిలోలు, మిగతాది ఎండు గడ్డి. పల్లికట్టెకు బూజు వాసన వస్తే పారేయండి. లేత పచ్చి జొన్న మాత్రం పెట్టొద్దు, విషం ఉంటుంది. వరిగడ్డి, నేపియర్ రెండింట్లో ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. మూడూ కలిసినప్పుడు కాల్షియం కొరత ఖాయం. కండ ముడుచుకోవడం, వదలడం కాల్షియం మీదే నడుస్తుంది. తవుడు పావుకిలోకు దించండి.

పని ఉన్న రోజు ఉలవలు అరకిలో, సోయా చెక్క పావుకిలో. పని లేని రోజు రెండూ సగం. బలం తగ్గకుండా నూనె: పల్లి నూనె గానీ తవుడు నూనె గానీ 50 మి.లీ.తో మొదలుపెట్టి మూడు వారాల్లో 250 మి.లీ.కి తీసుకుపోండి, రెండు పూటలుగా పంచి. నూనె పెంచినప్పుడు విటమిన్ ఇ కూడా పెంచాలి, రోజుకు వెయ్యి యూనిట్లు. మెడికల్ షాపులో దొరికే 400 యూనిట్ల క్యాప్సూళ్లు రెండు మూడు చాలు. ఉప్పు 30 గ్రాములు, చెమట పట్టే రోజు 60. ఖనిజ మిశ్రమంలో సెలీనియం ఉందో లేదో లేబుల్ చదవండి. రోజుకు మిల్లీగ్రాము సరిపోతుంది, ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలి డెక్కలు పగులుతాయి. అందుకే అందాజుగా సెలీనియం సూదులు వేయించొద్దు.

జడ్చర్ల లాయం

డాక్టర్ సాబ్, ‘దాణా లెక్క’ అన్నా, ఇద్దరికీ దండాలు. వదిలి తిప్పనీకి జాగ లేదు, గల్లీలనే కొట్టం. ముహూర్తం లేని రోజు ఏం చేయాలె?

దేవరకొండ రౌతు

జాగ లేకపోయినా పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున చేతితో నడిపించు తమ్మీ. ఒక్క రోజు కూడా ఇరవై నాలుగు గంటలు కట్టేయొద్దు. దాణా ఎంత మార్చినా ఇది లేకుంటే పని చేయదు. నడిపించొద్దని డాక్టర్ అన్నది పట్టేసిన రోజుకు, ఇది మానినంక చేసేది.

మళ్లీ పనికి తెచ్చేది ఇట్ల: మొదటి రోజు పొడుగు తాడు మీద ఐదు నిమిషాల నడక, మెల్లటి పరుగు (ట్రాట్). రోజుకు రెండు నిమిషాలు పెంచు. పదిహేను నిమిషాలకు వచ్చినంక నడుమ ఐదు నిమిషాల విరామం ఇచ్చి రెండో విడత చేయించు. మూడు వారాలు గడిచినంకనే జీను. వెనక అడుగు పొట్టిగా పడుతున్నా, తోక బిగబట్టినా అక్కడికే ఆపు.

బరాత్ రోజు వాహనం దిగంగనే పెండ్లికొడుకును ఎక్కించొద్దు, పది పదిహేను నిమిషాలు ఉత్తగ నడిపించు. డీజే బాక్సుల ముందర నిలబెట్టి ముందు కాళ్లు ఎత్తి ఆడించుడు ఈ గుర్రంతో మానేయాలె. వెనక కండలన్నీ బిగపట్టి ఒక్కచోట నిలబడే పని అది, పైన పటాకుల భయం వేరే. బేరం కుదుర్చుకునేటప్పుడే ఆట లేదని చెప్పు. పని కాంగనే కట్టేయొద్దు, చెమట ఆరేదాక మెల్లగ నడిపించు, నీళ్లు తాగనీయి.

నల్గొండ పశువైద్యం

బరాత్‌కు ఒప్పుకునే ముందు ఒక పరీక్ష: పదిహేను నిమిషాల తేలికపాటి పరుగు (ట్రాట్) చేయించండి. దానికి ముందొకసారి, తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి సీపీకే చూడండి. రెండోది మొదటిదానికి మూడు రెట్లు దాటితే ఇంకా పనికి సిద్ధంగా లేదు. తాడు మీద పనినే కొనసాగించి, రెండు వారాలాగి మళ్లీ చూడండి.