డర్హంలో క్లబ్బుకెళ్లడం దండగేనా?

గోదారిగట్టు:
మాస్టర్స్‌కి ఇంగ్లండ్ వచ్చి రెండు నెలలైంది. క్లాస్‌మేట్స్ రమ్మంటే మొన్న ఊరి మధ్యలో ఒక క్లబ్బుకెళ్లాను, పేరు వద్దులెండి. టికెట్ 8 పౌండ్లు. చలిలో నలభై నిమిషాలు క్యూ. లోపలికి పోగానే కోటు దాచినందుకు 3. రెండు వోడ్కా కోక్‌లకు 12. మొత్తం 23, అంటే మన డబ్బుల్లో రెండు వేల ఆరొందలకు పైనే. ఇంతా చేస్తే నేలంతా ఒలికిన డ్రింకులే. అడుగు తీస్తే బూటు చర్రుమని ఊడొస్తోంది. పాటలేమో మా ఇంజినీరింగ్ ఫెస్ట్‌లో అరగదీసినవే. ఇరవై వేల మందికి పైగా చదువుకునే ఊళ్లో ఇదేనా? నా ఓటు దండగకే.

పాతకాపు:
తమ్ముడూ, ప్రతిదీ రూపాయల్లోకి మారిస్తే ఇక్కడ కొత్తిమీర కట్ట కూడా కొనలేవు. గంటల్లో లెక్కేసుకో. 21 నిండినవాళ్లకు కనీస వేతనం 2025 ఏప్రిల్‌లోనే గంటకు 12.21 పౌండ్లు అయింది. నీ రాత్రి ఖర్చు రెండు గంటల పని. ఎప్పుడో ఒకసారికి అంత గోల దేనికి?

గోదారిగట్టు:
అన్నా, టర్ములో వీసా చేయనిచ్చేదే వారానికి 20 గంటలు. ఆ రెండు గంటలూ నేను నిలబడి గిన్నెలు తోమినవి.

పెగ్గులెక్క:
ధర సరే, కొలత చూశావా బ్రో? ఇక్కడ మామూలుగా సింగిల్ అంటే 25 ఎం.ఎల్. మన స్మాల్ పెగ్గే 30. పైగా హైదరాబాద్ పబ్బుల్లో చాలాచోట్ల కవర్ ఛార్జ్ కడితే తిండికో మందుకో సర్దుతారు. ఇక్కడ గేటు డబ్బు గేటుకే.

మధురవాడ_అక్క:
హైదరాబాద్‌ని మరీ ఆకాశానికెత్తకండి. నలుగురు మగపిల్లలు కలిసి వెళ్తే స్టాగ్ ఎంట్రీ లేదని గేటు దగ్గరే తిప్పి పంపే పబ్బులు ఎన్ని లేవు? ఇక్కడ ఆ పేచీ లేదు. ఇంకోటి, నీళ్ల సీసా కొనకండి. లైసెన్సున్న బార్లు అడిగినవాళ్లకు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో నిబంధనే ఉంది. మొహమాటపడి మూడు పౌండ్లు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

గల్లాపెట్టె:
ఏడాది పాటు ఇక్కడే ఒక బార్‌లో పనిచేశాను, కాబట్టి అవతలి పక్క కూడా వినండి. మూడు టర్ములూ కలిపితే ఏడు నెలలు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, ఎండాకాలంలో పిల్లలంతా ఇళ్లకు పోతారు, ఊరు బోసిపోతుంది. అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. ఆ ఖాళీ నెలల ఖర్చు కూడా మీ టికెట్లోనే ఉంటుంది. అందరూ వచ్చేది వారంలో ఒకటి రెండు రాత్రులు, ఆ క్యూ అందుకే.

పెగ్గులెక్క:
ధర ఎందుకు పెరిగిందో చెప్పావన్నా, ఒప్పుకుంటా. నేల తుడవకపోవడానికీ అద్దెకీ ఏంటి సంబంధం? ఏటా కొత్త బ్యాచ్ దిగుతుంది, పోటీ లేదు, ఎలా ఉన్నా వస్తారని ధీమా. అంతే.

పాతకాపు:
అయితే న్యూకాజిల్ పోండి. రైల్లో పావుగంట.

మధురవాడ_అక్క:
వెళ్లడం పావుగంటే, వచ్చేదెలా? అక్కడ ఊపు మొదలయ్యేసరికి చివరి రైలు వెళ్లిపోతుంది. టాక్సీకి నలుగురు పంచుకున్నా నొప్పే. ఊళ్లో చెత్త క్లబ్బుకైనా నేను పోయేది నడిచి ఇల్లు చేరొచ్చనే. ఆ నడకలోనూ గుంపు వదలకండి. 2013, 2015 మధ్య ముగ్గురు విద్యార్థులు రాత్రి బయటికెళ్లి ఈ ఊరి మధ్య పారే వియర్ నదిలో పడి చనిపోయారు. తాగినవాణ్ని ఒంటరిగా పంపొద్దని ఇక్కడ పాతవాళ్లు ఊరికే చెప్పరు.

గల్లాపెట్టె:
అందరూ మర్చిపోతున్నది కాలేజీ బార్లు. ఈ యూనివర్సిటీలో కాలేజీలంటే హాస్టళ్ల లాంటివి, పదిహేడున్నాయి, బార్ లేని కాలేజీ అరుదు. చాలావాటిల్లో అమ్మేది విద్యార్థులే, ధరలు ఊళ్లోకన్నా తక్కువ. మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది కూడా. కాకపోతే డాన్స్ ఆశించకు తమ్ముడూ, డార్ట్స్ బోర్డు ఉంటుంది.

గోదారిగట్టు:
డాన్స్ అక్కడా చేయలేదన్నా, బూట్లు పీక్కోవడంతోనే సరిపోయింది. బుధవారం వస్తా. కోటుకి డబ్బులు అడగరు కదా?

గల్లాపెట్టె:
కుర్చీ వెనకాల తగిలించుకో.