కిటికీ లోపలి సిల్లు రాలిపోతోంది, బోలు గోడలో చెమ్మ: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

బనశంకరి_ఇల్లు
నమస్కారం. బెంగళూరు బనశంకరిలో మా నాన్నగారు 1997లో కట్టించిన ఇంట్లో ఉంటున్నాము. గోడలన్నీ ర్యాట్ ట్రాప్ బాండు, అంటే ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ బోలు వదిలే పద్ధతి, మా మేస్త్రి మాటలో ఎలుకబోను కట్టుడు. పడమటి గది కిటికీ లోపలి సిల్లు, అంటే కిటికీ అడుగు గట్టు, ఈ వానలకు పూర్తిగా దెబ్బతింది. కడప బండ ఒక మూల కుంగింది, దాని కింది సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతోంది, ఊడిన చోట తెల్లని ఉప్పు దూదిపింజలా పేరుకుని ఉంది, వేలితో గీస్తే ఇటుక పొడి రాలుతోంది. నిరుడు ఒక కాంట్రాక్టరు ఇదే చోట పుట్టీ పెట్టి రంగు వేసి వెళ్ళాడు, ఆరు నెలలకే ఆ రంగు బుడగలెత్తింది. సిల్లును మళ్ళీ దేనితో కట్టాలి, గోడ బోలులో చెమ్మను ఎలా ఆపాలి, సిల్లులోకి దిగిన గ్రిల్లు ఊచలను కోయకుండా ఈ పని అవుతుందా, తెలిసినవారు చెప్పండి.

కడప_నల్లబండ
దయచేసి ఆ బండను పారేయకండి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, మా ఊళ్ళో ఇంటింటికీ ఆ బండే. మారతహళ్ళిలో ఇల్లు కొన్నప్పుడు ఒకరి మాట విని నిక్షేపంలాంటి కడప బండలు పీకించి గ్రానైటు వేయించాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అది పొరలున్న సున్నపురాయి. బయట ఎండకూ వానకూ వదిలేస్తే ఏళ్ళు గడిచాక పొరలు లేస్తాయి గాని, ఇంటి లోపల తరాలపాటు నిలుస్తుంది. బండ కుంగిందంటే తప్పు బండది కాదు, కింద పరిచిన మాలుది. నిదానంగా ఎత్తించి, అడుగున అంటిన పాత మాలు గీకించి, కడిగి ఆరబెట్టి అదే బండను వేయించండి.

ఇంజనీరు_32ఏళ్ళు
నేను ఈ నగరంలో 32 ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్నాను కనుక ఒక మాట స్పష్టంగా చెబుతాను. నడుమ బోలు ఉన్నంత మాత్రాన మీది కావిటీ గోడ కాదు. అసలైన కావిటీ గోడలో రెండు పలుచని గోడలు కనీసం 50 మిల్లీమీటర్ల ఎడంతో విడివిడిగా లేస్తాయి, వాటిని లోహపు కట్టుకమ్మీలు (టై) మాత్రమే కలుపుతాయి, అందువల్ల బయటి గోడ తడిసినా ఆ తడి లోపలి గోడను చేరదు. మీ కట్టుడులో ప్రతి వరుసలోనూ అడ్డ ఇటుకలు బయటి ముఖం నుంచి లోపలి ముఖం దాకా ఉంటాయి, చెమ్మ వాటి గుండా నడుస్తుంది. సిల్లు కింది వరుసనైతే అసలు బోలే లేకుండా కడతారు. ఆ బోలు మిమ్మల్ని కాపాడుతుందన్న భ్రమ వదులుకొని, సిల్లు కింద రెండడుగుల మేర సిమెంటు పాలతో నింపించి పని ముగించండి.

తాపీ_వారసుడు
ఇంజనీరు గారు గోడ గురించి చెప్పింది నిజమే, మందు మాత్రం విషం. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వ్యాప్తిలోకి తెచ్చిన ఈ కట్టుడును మా నాన్న అక్కడే నేర్చుకొని వచ్చారు, ఆయన వెనక నేను పదేళ్ళు తాపీ పట్టాను. అడ్డ ఇటుక చెమ్మను మోస్తుంది, కాదనను. కాని గోడ రెండు ముఖాల మధ్య ఉన్న మూడంగుళాల ఖాళీయే కదా మిగతా గోడను పొడిగా ఉంచేది! దాన్ని నింపితే అక్కడక్కడా వచ్చే చెమ్మ గోడంతా వస్తుంది. కట్టేటప్పుడు బోలు మీద సన్నని చెక్కపట్టీ పెట్టి మాలు లోపల పడకుండా చూడాలి. ఆ ఓపిక లేని చోట మాలు ముద్దలు బోలులో గుట్టగా పడి, గట్టిపడి, రెండు ముఖాలకూ వంతెన వేస్తాయి. ముందు ఆ వంతెన ఎక్కడుందో వెతకండి.

ఇంజనీరు_32ఏళ్ళు
బాబూ, కేరళ ఇళ్ళకు చూరు రెండు మూడడుగులు ముందుకు వస్తుంది, వాన గోడను తాకదు. ఇక్కడ తొమ్మిదంగుళాల సజ్జ వేసి, అక్కడి కట్టుడును తెచ్చిపెడితే ఫలితం ఇలాగే ఉంటుంది. నేను నింపించిన గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

తాపీ_వారసుడు
నన్ను బాబూ అని పిలవకండి, నాకు 41 ఏళ్ళు. గోడ నిలబడి ఉందా అని ఇక్కడ ఎవరూ అడగలేదు, పొడిగా ఉందా అని అడుగుతున్నారు. సజ్జ పొట్టిదైతే సజ్జను పెంచండి, గోడ గొంతు నొక్కకండి.

వేళచ్చేరి_పద్మ
నింపించినవాళ్ళం మేము, అందుకే రాస్తున్నాను. మాది చెన్నై. 2015 డిసెంబరు వరదలో మా కింది గది నడుమెత్తు నీళ్ళలో మునిగింది. ఆ తరవాత ఒక పనివాడు ఇదే మాట చెప్పి, గోడకు రంధ్రాలు వేసి సిమెంటు పాలు పోశాడు. అంతకుముందు కిటికీ కింద జానెడు మేర ఉన్న మరక మరుసటి ఏడాది వానలకు నేల దాకా దిగింది, మా అత్తగారి బీరువా వెనక చెక్కంతా బూజు పట్టింది. పోసినదాన్ని తీయడానికి గోడ విప్పడం తప్ప దారి లేదని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఇంజనీరు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను, కాని ఈ సలహా ఇంకొకరికి ఇవ్వకండి.

జయనగర_శారద
అందరూ గోడను తిడుతున్నారు గాని, చెమ్మ గోడలోంచే వస్తోందని ఎవరు తేల్చారు? మా పడకగదిలో రెండేళ్ళు బయటి గోడకు వాటర్‌ప్రూఫ్ రంగులు వేయించి డబ్బు పోసిన తరవాత తెలిసింది, అది ఏసీ వల్ల చల్లబడిన గోడకు గది గాలిలోని తేమ పట్టడం మాత్రమే అని. అల్యూమినియం రేకును మూరెడు చదరంగా కత్తిరించి, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదలండి. రేకు వెనక, గోడవైపు నీటిబొట్లు పడితే తడి గోడలో ఉంది, గదివైపు పడితే తడి మీ గాలిలో ఉంది.

కడప_నల్లబండ
ఏసీ సంగతి వేరే గాని, పేరుకున్న ఉప్పును తడి గుడ్డతో తుడవకండి. నీటిలో కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి కుంచెతో దులిపి ఎత్తేయాలి.

బనశంకరి_ఇల్లు
శారద గారూ, రేకు పెట్టి చూశాను, బొట్లు గోడవైపే ఉన్నాయి. గ్రిల్లు సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తాపీ_వారసుడు
ఊచలు తప్పక కోయాలి. తాపీపనిలో పాతిన ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, మీ బండ మూల కదలడానికి అదీ ఒక కారణం కావచ్చు. సిల్లుకు అంగుళం పైన కోయించి, అడ్డంగా ఒక పట్టీ వెల్డు చేయించి, దాన్ని పక్క చట్రానికి బిగించండి. ఒక్క ఊచ కూడా సిల్లులోకి దిగకూడదు. బండ ఎత్తే ముందు బయట పైపుతో నీళ్ళు పట్టి చూడండి, అడుగు నుంచి మొదలుపెట్టి పావుగంటకొక జానెడు చొప్పున పైకి వెళ్ళండి. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసిపోయి ఎక్కడ కారుతోందో తెలియదు.

బనశంకరి_ఇల్లు
మూడు వారాల తరవాత రాస్తున్నాను. నీళ్ళు గోడకు పట్టినంతసేపూ లోపల ఏమీ కాలేదు, పైపు బయటి సిల్లు దగ్గరికి రాగానే పది నిమిషాల్లో లోపలి మూల నల్లబడింది. బయటి సిల్లు అడుగున నీరు జారి కింద పడేందుకు ఉండే గాడిని రంగు వేసినవాళ్ళు పుట్టీతో పూడ్చేశారు, సిల్లు వాలు కూడా ఇంటివైపే ఉంది. బండ ఎత్తి, కింది గట్టి వరుసలో రెండు ఇటుకలు తీయించి టార్చి వేస్తే, సరిగ్గా ఆ మూలనే బోలులో పిడికెడంత మాలు ముద్ద రెండు ముఖాలనూ పట్టుకుని ఉంది. పట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది. దాన్ని ఉలితో కొట్టి బయటికి తీయించాను. బయటి సిల్లును వెలుపలికి అడుగుకు అంగుళం పైచిలుకు వాలుతో మళ్ళీ పోయించి, రెండంగుళాలు ముందుకు జరిపి, కింద వేలు పట్టేంత గాడి తీయించాను. ఊచలు కోయించాను. లోపలి భాగాన్ని పూత లేకుండా తెరిచి ఉంచాను, ఇటుక ఇంకా ఆరాలి. ఆరిన తరవాత బండ కింద డీపీసీ పట్టా, అంటే చెమ్మను ఆపే పొర, పరచి, వెనక అంచునూ రెండు చివరలనూ పైకి మడవాలని మేస్త్రి అంటున్నాడు.

ఇంజనీరు_32ఏళ్ళు
పట్టా మడత విషయంలో మేస్త్రి మాట సరైనది, అతుకులు లేకుండా ఒకే ముక్క వేయించండి. వాలు ఇంటివైపు ఉందని మొదటే రాసి ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

బనశంకరి_ఇల్లు
అది నాకూ పైపు పట్టినప్పుడే తెలిసింది సార్. చివరగా ఒకటి: సిల్లు కింద గోడకు లోపలి పూత సిమెంటుతోనా, సున్నంతోనా?

కడప_నల్లబండ
సున్నంతో. మిగిలిన తడి బయటికి పోవాలంటే పూతకు ఊపిరి ఆడాలి. పైన ప్లాస్టిక్ రంగు వేయకుండా సున్నమే కొట్టించండి. బండ అడుగు మాలుకు మాత్రం వారమైనా నీళ్ళు కట్టించండి, తొందరపడి దాని మీద పూలకుండీలు పెట్టకండి.